నాలుగింట ఒకటి: జన్యు సలహాదారుల శిక్షణ

మస్కట్ నగరంలో ఘాలా, అల్ ఘుబ్రా, బౌషర్ పరిసరాలలో నివసించే తెలుగు కుటుంబాలకు రాయల్ హాస్పిటల్ తెలియని చోటు కాదు. అయితే ఒమాన్ దేశపు జాతీయ జన్యు కేంద్రం కూడ ఆ ఆసుపత్రి ఆవరణలోనే ఉన్నదన్న సంగతి మనవారిలో ఎక్కువమంది దృష్టికి వచ్చి ఉండదు. ఇంత చిన్న దేశానికి ప్రత్యేకంగా ఒక జన్యు కేంద్రం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం రక్తంలోనే ఉన్నది. 1990ల మధ్యకాలంలో ఒమానీ పిల్లలపై జరిగిన జాతీయ సర్వేలో సుమారు 6 శాతం మందిలో సికిల్ సెల్ లక్షణం, 2 శాతం మందిలో బీటా తలసీమియా లక్షణం కనిపించాయి. మగపిల్లలలో దాదాపు నాలుగోవంతు మందికి జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉన్నట్లు తేలింది. అన్నా రజబ్, మైకేల్ పాటన్ 2000 సంవత్సరంలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ దేశపు వివాహాలలో సగానికి పైగా రక్తబంధువుల మధ్యనో, ఒకే తెగలోనో జరిగినవి. ఈ నేపథ్యంలోనే ఒమాన్ ప్రభుత్వం వివాహపూర్వ వైద్యపరీక్షను 2026 జనవరి నుండి తన పౌరులకు తప్పనిసరి చేసింది.

పరీక్ష చేయడం నేడు పెద్ద కష్టమేమీ కాదు. రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం నుండి హీమోగ్లోబిన్ రకాలను విడదీసి, ఒక్కొక్కటి ఎంత శాతమున్నదో యంత్రం కొద్ది నిమిషాలలో కాగితంపై గీసి చూపుతుంది. హీమోగ్లోబిన్ ఎ-2 అనేది మూడున్నర శాతాన్ని మించితే సాధారణంగా ఆ వ్యక్తి తలసీమియా వాహకుడు. ఇంతవరకు రసాయనశాస్త్రం పని. ఆ కాగితం చేతిలో పెట్టుకొని పెళ్ళి కుదిరిన యువతీయువకులతోనో, ఒక బిడ్డను పోగొట్టుకొని రెండవ బిడ్డ కోసం ఎదురుచూసే దంపతులతోనో ఎవరు మాట్లాడాలి? ఏ మాటలతో మొదలుపెట్టాలి? ఎక్కడ ఆగాలి? ఈ పని కోసమే ప్రత్యేకంగా ఒక స్నాతకోత్తర విద్య ఏర్పడింది. ఆ విద్యను అభ్యసించినవారిని జెనెటిక్ కౌన్సెలర్లు, అనగా జన్యు సలహాదారులు అంటారు.

వీరు వైద్యులు కారు, మందులు వ్రాయరు. ప్రయోగశాలలో పరీక్షలు చేసేవారూ కారు. కుటుంబ చరిత్రను సేకరించి, వ్యాధి వచ్చే అవకాశాన్ని లెక్కగట్టి, ఏ పరీక్ష అవసరమో, ఏది అనవసరమో చెప్పి, ఫలితం వచ్చిన తరువాత దాని అర్థాన్ని ఆ కుటుంబానికి తెలిసిన భాషలో వివరించి, వారు తమ నిర్ణయాన్ని తాము తీసుకొనేందుకు తోడుగా నిలవడం వీరి వృత్తి. వినడానికి తేలికగానే ఉన్నది. ఎంత కష్టమో ఒక్క అంకెను తీసుకొని చూడవచ్చు.

దంపతులిద్దరూ తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు తీవ్రమైన వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇంటర్మీడియట్‌లో మెండెల్ బఠానీ మొక్కలను చదివిన ప్రతివారికి తెలిసిన లెక్క ఇది. కాని అదే మాటను ఆసుపత్రి గదిలో విన్న తల్లిదండ్రుల మనసులో అది వేరొక రూపం ధరిస్తుంది. "మొదటి బిడ్డకు వచ్చేసింది కదా, ఇక తరువాతి ముగ్గురికీ భయం లేదు" అని కొందరు అర్థం చేసుకుంటారు. నాలుగు గవ్వలలో ఒకటి చెడ్డదనీ, దానిని తీసి పారవేశామనీ వారి భావన. నిజానికి ప్రతి కాన్పూ గవ్వలను మళ్ళీ మొదటినుండి విసరడమే. వెనుకటి పందెం గవ్వలకు గుర్తుండదు. మరికొందరికి నాలుగింట ఒకటి అంటే దాదాపు తప్పదన్నట్లే వినిపిస్తుంది. ఇంకొందరికి నాలుగింట మూడు వంతులు మంచిదే కదా అనిపిస్తుంది. ముగ్గురూ విన్నది ఒకే అంకె. పద్ధతిగా శిక్షణ పొందిన సలహాదారు అంకె చెప్పి ఊరుకోడు, "ఇప్పుడు నేను చెప్పినదానిని మీ అత్తగారికి ఎలా చెబుతారు?" అని అడిగి, వారి నోటినుండి తిరిగి వింటాడు. పొరపాటు ఎక్కడ జరిగిందో అప్పుడే బయటపడుతుంది.

ఈ వృత్తికి పేరు పెట్టినవాడు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన షెల్డన్ రీడ్. 1947లో ఆయన 'జెనెటిక్ కౌన్సెలింగ్' అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. ఆ సంవత్సరానికి ఒక ప్రాముఖ్యం ఉన్నది. "మంచి సంతతి"ని పెంచి "చెడ్డ సంతతి"ని ఆపాలన్న యూజెనిక్స్ వాదం అంతకు పూర్వం అమెరికాలో వేలాదిమందికి బలవంతపు శస్త్రచికిత్సలు చేయించింది. జర్మనీలో నాజీల చేతిలో అది ఏ రూపం ధరించిందో లోకం అప్పుడే చూసింది. రీడ్ పనిచేసిన డైట్ సంస్థ కూడ యూజెనిక్స్ను నమ్మిన ఒక వైద్యుని ఆస్తితో ఏర్పడినదే. ఆ నీడనుండి బయటపడడానికి రీడ్ ఒక గీత గీశాడు: సలహాదారు కుటుంబానికి సేవచేయాలి గాని జాతిని బాగుచేయడానికి పూనుకోరాదు. ఎవరు పిల్లలను కనాలో, ఎవరు కనరాదో చెప్పే అధికారం శాస్త్రజ్ఞునికి లేదు. నేటికీ ఈ విద్యకు వెన్నెముక ఈ సూత్రమే. శిక్షణలో సగభాగం తన అభిప్రాయాన్ని తనలోనే ఉంచుకోవడమెలాగో నేర్పడానికి సరిపోతుందంటే అతిశయోక్తి కాదు.

మొదటి స్నాతకోత్తర కోర్సు 1969లో న్యూయార్క్ సమీపంలోని సారా లారెన్స్ కళాశాలలో మొదలైంది. దాని రూపశిల్పి మెలిస్సా రిక్టర్. గర్భస్థ శిశువు చుట్టూ ఉండే ఉమ్మనీటినుండి కణాలను తీసి క్రోమోజోములను పరీక్షించడం అప్పుడప్పుడే సాధ్యమవుతున్న రోజులవి. వైద్యులకు ఆ ఫలితాలను వివరించే తీరిక లేదు. పిల్లలు పెద్దవారైన తరువాత తిరిగి చదువుకోదలచిన విద్యావంతులైన గృహిణులకు తగిన వృత్తులు లేవు. రిక్టర్ ఈ రెండు కొరతలను ఒకదానితో ఒకటి తీర్చింది. 1971లో మొదటి తరగతి విద్యార్థినులు పట్టాలు పుచ్చుకున్నారు. 1979లో వారి జాతీయ సంఘం ఏర్పడింది. బ్రిటన్‌లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం 1992లో, కార్డిఫ్ ఆ తరువాత ఇటువంటి కోర్సులను ప్రారంభించాయి.

కోర్సు సాధారణంగా రెండు సంవత్సరాలు. చేరేవారికి జీవశాస్త్రం, జన్యుశాస్త్రం, జీవరసాయనం, గణాంకశాస్త్రం, మనస్తత్వశాస్త్రం కొంతవరకైనా వచ్చి ఉండాలి. ఇవి గాక మరొకటి చూస్తారు. అది మన విద్యార్థులకు వింతగా తోచవచ్చు. ఆత్మహత్య తలపులతో ఫోను చేసేవారితో మాట్లాడే కేంద్రంలోనో, వికలాంగ బాలల పాఠశాలలోనో స్వచ్ఛందంగా పనిచేసి ఉన్నారా అని అడుగుతారు. మార్కులు తొంభై దాటినా, బాధలో ఉన్న మనిషి ఎదుట పది నిమిషాలు మౌనంగా కూర్చోలేనివారు ఈ వృత్తికి పనికిరారని వారి ఉద్దేశం. అది సరైన ఉద్దేశమే.

మొదటి సంవత్సరంలో మానవ జన్యుశాస్త్రం, పిండోత్పత్తి శాస్త్రం, క్రోమోజోముల పరీక్ష, క్యాన్సర్ జన్యువులు, జీవక్రియా లోపాలు మొదలైనవి బోధిస్తారు. వాటితోపాటు సంభావ్యతా గణితం. దీని రుచి చూడడానికి ఒక లెక్క. డుషేన్ కండరక్షీణత అనే వ్యాధి ఎక్స్ క్రోమోజోముపై ఉండే జన్యువు వలన వస్తుంది. తల్లి వాహకురాలైతే కొడుకులలో సగం మందికి రావచ్చు. ఒక స్త్రీకి సోదరుడు, మేనమామ ఇద్దరూ ఆ వ్యాధితో మరణించారు. కావున ఆమె తల్లి వాహకురాలని నిశ్చయంగా చెప్పవచ్చు. ఆమె స్వయంగా వాహకురాలయ్యే అవకాశం సగానికి సగం. ఆమెకు ఇప్పటికే ఆరోగ్యవంతులైన కొడుకులు ఇద్దరున్నారు. ఇప్పుడు కూడ సగానికి సగమేనా? కాదు. ఆమె వాహకురాలై ఉండి ఇద్దరు కొడుకులూ ఆరోగ్యంగా పుట్టే అవకాశం సగంలో నాలుగోవంతు, అనగా ఎనిమిదింట ఒకటి. వాహకురాలు కాకపోతే ఇద్దరూ ఆరోగ్యంగానే పుడతారు. ఆ పాలు సగం, అనగా ఎనిమిదింట నాలుగు. ఒకటికి నాలుగు పాళ్ళ చొప్పున చూస్తే ఆమె వాహకురాలయ్యే అవకాశం ఐదింట ఒకటికి దిగుతుంది. మూడవ కొడుకు కూడ ఆరోగ్యంగా ఉంటే తొమ్మిదింట ఒకటి. పద్దెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల మతాచార్యుడు థామస్ బేయస్ పేరు మీద వెలసిన ఈ లెక్కను విద్యార్థులు నిద్రలో కూడ చేయగలిగేటట్లు సాధన చేస్తారు. నేడు జన్యువును నేరుగా పరీక్షించే వీలున్నప్పటికీ, చనిపోయినవారి రక్తం దొరకదు. జన్యుపరీక్ష సమాధానం చెప్పలేని కుటుంబాలు ఎప్పుడూ ఉంటాయి. అక్కడ ఈ లెక్కే దిక్కు.

వంశపటం గీయడం రెండవ విద్య. పురుషునికి చతురస్రం, స్త్రీకి వృత్తం, వ్యాధి ఉన్నవారికి నల్లరంగు, రక్తసంబంధీకుల మధ్య వివాహమైతే రెండు గీతలు. మూడు తరాలను ఇరవై నిమిషాలలో గీయాలి. తెలుగు కుటుంబం ఎదురుగా కూర్చున్నపుడు ఈ విద్యకు అసలైన పరీక్ష ఎదురవుతుంది. మన బంధుత్వ పదాలు ఆంగ్లపదాలకంటే కొన్నిచోట్ల ఎంతో నిశితమైనవి. ఆంగ్లంలో 'కజిన్' అన్న ఒక్క మాటకు మనకు మేనత్త కొడుకు, మేనమామ కూతురు, పెదనాన్న కొడుకు, పిన్ని కూతురు అని విడివిడి పేర్లున్నాయి. కాని మరికొన్నిచోట్ల అవే పదాలు పక్కదారి పట్టిస్తాయి. "మా అన్నయ్యకు ఈ జబ్బుండేది" అని ఒక తెలుగు స్త్రీ చెబితే, ఆ అన్నయ్య ఒక తల్లి కడుపున పుట్టినవాడో, పెదనాన్న కొడుకో అడిగితే గాని తెలియదు. సొంత అన్నయ్య అయితే లెక్క ఒకటి. పెదనాన్న కొడుకైతే మరొకటి. "మామయ్య" అంటే తల్లి సోదరుడు కావచ్చు, భర్త తండ్రి కావచ్చు. మేనరికంలో ఆ ఇద్దరూ ఒక్కరే కావచ్చు! హూస్టన్‌లోనో, లండన్‌లోనో శిక్షణ పొందిన సలహాదారు ఈ సందు గమనించకపోతే గీసిన పటం చూడముచ్చటగా ఉంటుంది, లెక్క తప్పుతుంది. తెలుగు మాతృభాషగా గల సలహాదారులు మరింతమంది కావాలనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు.

ఇక ఆసుపత్రులలో ప్రత్యక్ష శిక్షణ. అమెరికాలో కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ నియమం ప్రకారం ప్రతి విద్యార్థి కనీసం 50 కుటుంబాల విషయంలో స్వయంగా పాలుపంచుకోవాలి. గర్భిణుల విభాగం, పిల్లల విభాగం, క్యాన్సర్ విభాగం - అన్నింటిలోను అనుభవం గడించాలి. అంతకుముందే తరగతిలో రోగులుగా నటించేవారితో సాధన చేయిస్తారు. సంభాషణను చిత్రీకరించి, ఆ తరువాత గురువు పక్కన కూర్చోబెట్టి చూపిస్తారు. ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ అవతలివారి కన్నీటిని చూడలేక మాట మార్చారో ఆ చిత్రం దాచదు. చివరగా ఒక పరిశోధన వ్యాసం, ఆపైన 1993లో ఏర్పడిన అమెరికన్ బోర్డు నిర్వహించే పరీక్ష.

మనసుకు సంబంధించిన ఈ భాగం మన తెలుగువారికి ఎంత అవసరమో గ్రహించడానికి ఒక పదం చాలు: గ్రహణపు మొర్రి. పెదవి చీలి పుట్టిన బిడ్డకు మన భాష పెట్టిన పేరే తల్లిపై నేరం మోపుతుంది. గర్భిణిగా ఉండి గ్రహణం చూసిందనీ, కత్తిపీట ముట్టుకొన్నదనీ. నిజానికి పెదవి చీలిక అనేక జన్యువులు, కొన్ని బాహ్య కారణాలు కలిసి కలిగించేది. పిండదశలో ఐదు నుండి ఏడవ వారంలోపు ముఖభాగాలు అతుక్కోవలసిన సమయంలో అతుక్కోకపోవడం వలన వస్తుంది. ఆ సమయానికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. తల్లిదండ్రులకు ఆ లోపం లేకపోయినా తరువాతి బిడ్డకు మళ్ళీ వచ్చే అవకాశం నూటికి మూడు నుండి ఐదు. సలహాదారు ఈ అంకె చెప్పేముందు, ఆ తల్లి ఏ గ్రహణాన్ని తలచుకొని ఎన్ని రాత్రులు ఏడ్చిందో తెలుసుకోవాలి. అది దిగితే గాని అంకె లోపలికి పోదు. అదేవిధంగా తలసీమియా బిడ్డ పుట్టినపుడు నింద తరచు కోడలి పుట్టింటిపై పడుతుంది. ఇద్దరు వాహకులు కలిస్తేనే ఈ వ్యాధి వస్తుందనీ, సగం పాలు తమ కొడుకుదేననీ అత్తమామల ఎదుట, ఎవరినీ నొప్పించకుండా చెప్పగలగడం చిన్న విద్య కాదు.

"మేడమ్, ఇవన్నీ మాకెందుకు? మీ సొంత అక్కయ్యకే ఇలా వస్తే మీరేం చెబుతారో అది చెప్పండి" - మన దేశంలో పనిచేసే ప్రతి సలహాదారుకూ ఈ ప్రశ్న ఎదురవుతుంది. అమెరికన్ పాఠ్యగ్రంథం ప్రకారం నిర్ణయం మీదేనని చెప్పాలి. కాని తెలుగులో "మీ ఇష్టం" అన్న మాట చేతులు కడుక్కొన్నట్లు వినిపిస్తుంది. బరువు మోయలేక వచ్చినవారిని మళ్ళీ బరువుతోనే పంపినట్లవుతుంది. ఇక్కడ అనువాదం పనికిరాదు. మంచి శిక్షకులు విద్యార్థులకు నేర్పేది వేరు: ఆ ప్రశ్న వెనుక ఉన్న భయమేమిటో ముందు అడగండి. రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించే ఖర్చా? ఇంట్లో పెద్దలు ఏమంటారన్న దిగులా? మొదటి బిడ్డను చూసుకొనేవారు ఉండరన్న చింతా? ఒక్కొక్కటి విడదీసి మాట్లాడితే చాలామందికి తమ సమాధానం తమకే దొరుకుతుంది.

తెలుగునాట ఈ శాస్త్రానికి పునాది పాతదే. పిఠాపురంలో 1937లో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు, సుప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడినపుడు కలకత్తాలో ఆయన శిష్యునిగా చేరాడు. మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడం ఆంధ్రదేశంలో ఎంత తరచుగా జరుగుతున్నవో, వాటి ఫలితాలేమిటో మీరా ఖాన్‌తో కలిసి పరిశీలించి 1960, 1963లలో పత్రాలు ప్రచురించాడు. తరువాత హూస్టన్‌లో స్థిరపడి 2020లో మరణించిన ఈ శాస్త్రవేత్తను తెలుగు సంఘాలు తలచుకోవలసినంతగా తలచుకోలేదు. ఆయన లెక్కించిన ఆచారం నేటికీ ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహాలలో సుమారు నాలుగోవంతు రక్తసంబంధీకుల మధ్య జరిగినట్లు నమోదైంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడ ఆచారం ఉన్నచోట వీటికి అడ్డుచెప్పలేదు.

ఈ విషయంలో భయపెట్టడమూ తప్పే, దాచడమూ తప్పే. ఏ దంపతులకైనా తీవ్రమైన పుట్టుక లోపం గల బిడ్డ కలిగే అవకాశం నూటికి రెండు లేక మూడు. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య వివాహమైతే దానికి మరొక రెండు లేక మూడు చేరుతుందని అమెరికన్ జన్యు సలహాదారుల సంఘం 2002లో ప్రచురించిన సమీక్ష తెలిపింది. అనగా నూటికి తొంభై నాలుగు, తొంభై అయిదుగురు పిల్లలకు అటువంటి లోపం ఉండదు. సొంత మేనమామను చేసుకొంటే రక్తసంబంధపు పాలు రెట్టింపవుతుంది. అయితే ఇది సగటు. ఆ కుటుంబంలో ఇదివరకే ఒక అంతర్గత లక్షణపు వ్యాధి కనిపించి ఉంటే సగటుతో పనిలేదు. ఆ ఇంటి లెక్క వేరుగా కట్టాలి. అందుకే "మేనరికం మంచిదా, చెడ్డదా?" అన్న ప్రశ్నకు శిక్షణ పొందిన సలహాదారు ఎవరూ ఒక్క మాటలో సమాధానం ఇవ్వరు.

బంధువులలో చేసుకోకపోతే చాలు, ఏ భయమూ లేదనుకోవడం కూడ సరికాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలు పూర్వం కొద్దిమంది మూలపురుషుల నుండి విస్తరించి, ఆపై తమలో తామే వివాహాలు చేసుకొన్నవని చూపించారు. వారు ఎత్తి చూపిన ఉదాహరణ మన వైశ్య సమాజం. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించడానికి సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తారు. రక్తంలోని బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ అణువును ముక్కలు చేయడం వలన దాని ప్రభావం కొద్ది నిమిషాలలో తీరిపోతుంది. ఈ ఎంజైము లోపించినవారిలో మందు విరగదు. శ్వాసకండరాలు గంటల తరబడి చచ్చుబడి ఉంటాయి, అంతసేపూ యంత్రంతో శ్వాస ఇవ్వాలి. ఈ లోపం వైశ్యులలో ఇతరులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నిత్యజీవితంలో దీనివలన ఏ బాధా లేదు. తెలిసి ఉంటే మత్తువైద్యుడు వేరొక మందు వాడతాడు, కథ అంతటితో సరి. తెలియకపోతే ప్రాణాపాయం. ఒక చిన్న ప్రశ్న ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంత చక్కని ఉదాహరణ మరొకటి దొరకదు.

మన దేశంలో ఈ శిక్షణకు హైదరాబాదు ముఖ్యకేంద్రాలలో ఒకటి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన బేగంపేటలోని జన్యుశాస్త్ర సంస్థ, జన్యు వ్యాధుల ఆసుపత్రి ఎన్నో సంవత్సరాలుగా కుటుంబాలకు సలహా ఇస్తూ వచ్చింది. సి.డి.ఎఫ్.డి. జన్యుపరీక్షలు, నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగం రోగులను చూడడం, 1998లో ఏర్పడిన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ పిల్లలకు రక్తం ఎక్కించడం - ఇవన్నీ ఒకే నగరంలో ఉన్నవి. ఎల్.బి. నగర్‌లోని కామినేని ఆసుపత్రి జన్యువిభాగంలో డాక్టర్ ఆనీ హసన్ సలహాదారులకు ప్రత్యేక శిక్షణ నెలకొల్పారు. 2014లో ఏర్పడిన భారత జన్యు సలహా మండలి అర్హులైనవారికి ధ్రువపత్రాలిస్తున్నది. ఇక్కడి విద్యార్థి చట్టాన్ని కూడ క్షుణ్ణంగా చదవాలి. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పడం నేరం. కాని డుషేన్ వంటి వ్యాధులు మగపిల్లలకే ఎక్కువగా వచ్చేవి. లింగసంబంధ జన్యువ్యాధుల నిర్ధారణకు మాత్రం అదే చట్టం పరీక్షను అనుమతిస్తుంది. ఈ రెంటి మధ్య ఏ మాట చెప్పవచ్చునో, ఏది చెప్పరాదో తెలియని సలహాదారు తనకూ కుటుంబానికీ చిక్కు తెచ్చిపెడతాడు.

ఘాలా పరిసరాలలోని మన పిల్లలు పన్నెండవ తరగతి ముగించి, జీవశాస్త్రం చదివిన పాపానికి వైద్యకళాశాల తప్ప మరొక దారి లేదనుకొనే రోజులు పోవాలి. బి.ఎస్సీ. జన్యుశాస్త్రం లేక జీవరసాయనం తరువాత ఈ చదువు తెరచి ఉన్న తలుపే. అయితే ఒక విషయం ముందే తెలుసుకొని దిగడం మంచిది. భారతదేశంలో పొందిన శిక్షణతో అమెరికన్ బోర్డు పరీక్షకు కూర్చోలేరు. అక్కడ గుర్తింపు పొందిన కోర్సే చదవాలి. 2018 నుండి అక్కడి ప్రవేశాలన్నీ ఒకే ఉమ్మడి జతపరచే పద్ధతిలో జరుగుతున్నవి. సీట్లు కొన్ని, అభ్యర్థులు అనేకులు, రుసుము భారం. కెనడాలో మెక్‌గిల్, టొరంటో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయాలు, ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ ఈ కోర్సులను నడుపుతున్నవి. ఉద్యోగాలు ఆసుపత్రులలోనే గాక పరీక్షా సంస్థలలో కూడ ఉంటాయి. ఆ సంస్థలలో కొన్ని 2023, 2024లలో సిబ్బందిని తగ్గించాయన్న మాటనూ దాచనక్కరలేదు. అప్పు చేసి అమెరికా వెళ్ళదలచినవారు, ముందు ఒక వేసవిలో హైదరాబాదులోనో మస్కట్‌లోనో తలసీమియా పిల్లల వార్డులో కొన్ని వారాలు సహాయకులుగా పనిచేసి చూడడం తెలివైన పని. ఆ వార్డులో నిలబడగలిగినవారికి మిగిలినదంతా నేర్చుకోవచ్చు.

పరీక్ష తప్పనిసరి చేసినంత మాత్రాన పని పూర్తి కాదనడానికి పొరుగునే ఒక నిదర్శనం ఉన్నది. సౌదీ అరేబియా 2004లో వివాహపూర్వ పరీక్షను తప్పనిసరి చేసింది. ఫలితమేదైనా వివాహం మానుకొనే నిర్బంధం లేదు. ఇద్దరూ వాహకులని తేలిన జంటలలో మొదటి సంవత్సరం వివాహం విరమించుకొన్నవారు 9 శాతం మాత్రమే. ఐదేళ్ళ తరువాత, 2009 నాటికి, అది 52 శాతానికి చేరింది. కాగితం రెండుసార్లూ ఒకటే. ఈలోగా సమాజం దానిని చదవడం నేర్చుకొన్నది. పత్రికలు పంచి, మేళం మాట్లాడుకొన్న తరువాత వచ్చే ఫలితాన్ని ఎవరు పట్టించుకొంటారు? మన పెళ్ళిచూపులకు కూడ ఇది వర్తిస్తుంది. జాతకాలు అడిగే సమయంలోనే రక్తపరీక్ష కాగితం కూడ మార్చుకోవచ్చు. ఆ రోజున మాట చెడినా ఎవరి పరువూ పోదు.

సముద్రానికి అటూ ఇటూ ఉన్న ఈ రెండు ప్రజలకూ ఈ విషయంలో ఒక విచిత్రమైన చుట్టరికం ఉన్నది. బీటా గ్లోబిన్ జన్యువులోని మొదటి ఇంట్రాన్‌లో ఐదవ స్థానంలో గ్వానిన్ ఉండవలసిన చోట సైటోసిన్ చేరితే తలసీమియా వస్తుంది. భారతదేశంలో అన్నిటికంటె తరచుగా కనిపించే మార్పు ఇదే. ఒమాన్‌లోనూ అన్నిటికంటె తరచుగా కనిపించేది ఇదే. సింధు, బలూచిస్తాన్ తీరాల మీదుగా శతాబ్దాలపాటు సాగిన రాకపోకలలో సుగంధద్రవ్యాలతోపాటు ఈ ఒక్క అక్షరం కూడ ప్రయాణించి ఉండవచ్చు. మస్కట్ ప్రయోగశాలలో ఒమానీ బిడ్డకు, తెలుగు బిడ్డకు పరీక్షలో వెతకవలసిన మొదటి అక్షరం ఒకటే.

సలహాదారు దగ్గరకు వెళ్ళవలసిన అవసరం ఎవరికి ఎప్పుడు కలుగుతుందో చెప్పలేము. కాని ఆ గదిలో అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఘాలాలో దొరకవు. ఊళ్ళో అమ్మమ్మ, నాయనమ్మల వద్ద ఉన్నవి, వారితోనే పోతాయి. ఈ వేసవి సెలవులకు వెళ్ళినపుడు ఒక మధ్యాహ్నం వారి పక్కన కూర్చొని ఒక కాగితంపై వ్రాసుకోవచ్చు. తాతయ్యకు సొంత అన్నదమ్ములు ఎందరు, పెదనాన్న వరుసవారు ఎందరు? ఎవరు ఎవరిని మేనరికం చేసుకొన్నారు? పురిట్లోనో, ఏడాది లోపలో పోయిన పిల్లలెందరు, వారు ఆడపిల్లలా మగపిల్లలా? నడక ఆలస్యమైనవారు, చూపు లేక చెవుడు ఉన్నవారు ఎవరైనా ఉన్నారా? "రక్తం పట్టని బిడ్డ" అని ఎవరినైనా అనేవారా? రొమ్ము క్యాన్సర్‌తో చిన్న వయసులో పోయినవారెవరు? ఇంకొక ప్రశ్న కూడ అడగడం మరువరాదు: ఏదైనా ఆపరేషన్ తరువాత ఊపిరి తిరిగి రావడానికి గంటలు పట్టిందని ఇంట్లో ఎవరి గురించైనా చెప్పుకొనేవారా?